కదలని నేల అనే నమ్మకం: హైదరాబాద్ పరిసరాల్లో స్వల్ప భూకంపాల చరిత్ర

1. పరిచయం

శంషాబాద్ విమానాశ్రయం వైపు వెళ్లినవారికి దారి పొడవునా కనిపించే గ్రానైట్ గుట్టలు పరిచితమే. ఈ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇంత పాత, ఇంత గట్టి నేల కదలదని చాలామంది నమ్ముతారు. దక్కన్ పీఠభూమి స్థిరమైన భూభాగమని పాఠశాలలో మీరూ చదివే ఉంటారు. హిమాలయ ప్రాంతంతో పోలిస్తే ఆ మాట నిజమే. అయితే ‘భూకంపాలు అరుదు’ అనే మాట క్రమంగా ‘భూకంపాలు లేవు’ అనే నమ్మకంగా ఎలా మారింది? ఆ నమ్మకం వల్ల ఎవరికి నష్టం? ఈ పాఠంలో పరిశీలించవలసిన ప్రశ్నలు ఇవే.

2. ఆధారాల స్వభావం

ఒక భూకంపం చరిత్రకెక్కాలంటే దాన్ని గుర్తించి రాసిపెట్టిన మనిషి ఉండాలి, లేదా నమోదు చేసిన యంత్రం ఉండాలి. నిజాం కాలంలో బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో భూకంపలేఖిని పనిచేసింది. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) హైదరాబాద్‌లో ఏర్పడిన తరువాత పరిశీలన విస్తరించింది. అంతకు ముందు పొలాల మధ్య, అర్ధరాత్రి వేళ కలిగిన చిన్న ప్రకంపనను రాసిపెట్టేవారెవరు? కాబట్టి పాత రికార్డులో భూకంపం కనిపించకపోతే అది జరగలేదని కాదు, మనకు ఆధారం లేదని మాత్రమే అర్థం. ఈ తేడాను చరిత్ర విద్యార్థి ఎప్పుడూ మరువరాదు.

3. నగరం చుట్టూ ప్రకంపనలు

1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు శంషాబాద్‌కు చేరువలోనే ఉన్నాయి. 1982లో ఉస్మాన్‌సాగర్ వద్ద స్వల్ప ప్రకంపనలు రాగా శాస్త్రవేత్తలు వాటిని అధ్యయనం చేశారు. మరుసటి ఏడాది, 1983 జూన్ 30న, నగరానికి ఉత్తరాన మేడ్చల్ ప్రాంతంలో అంతకంటే పెద్ద భూకంపం వచ్చింది. 1990లలో జూబ్లీహిల్స్ వాసులు, 2020 అక్టోబరులో బోరబండ వాసులు భూమిలోంచి వచ్చిన శబ్దాలకు ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. బోరబండలో నమోదైన తీవ్రత 2కు కూడా చేరలేదు. అంత చిన్న కదలికకు అంత శబ్దమెందుకు? అవి భూమి పైపొరల్లో, చాలా తక్కువ లోతులో పుట్టాయి. గట్టి రాయి ఆ శబ్దాన్ని పెద్దగా తగ్గించకుండా పైకి చేరవేస్తుంది. వాననీరు పగుళ్లలోకి దిగి, అక్కడి ఒత్తిడిని మార్చడం ఇలాంటి ప్రకంపనలకు ఒక కారణమని శాస్త్రవేత్తలు వివరించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1982లో పల్లెలు, పొలాలుగా ఉన్న శంషాబాద్ పరిసరాల్లో 2008 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. ఆ వెంటే కాలనీలు, బహుళ అంతస్తుల భవనాలు పెరిగాయి. జనం పెరిగినచోట చిన్న కుదుపు కూడా వార్త అవుతుంది. వార్తలు పెరిగినంత మాత్రాన భూకంపాలు పెరిగాయని తేల్చరాదు.

4. మారిన పటాలు

‘సురక్షిత ప్రాంతం’ అనే ముద్ర ఎంత తాత్కాలికమో గమనించండి. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కోయనా భూకంపం దక్కన్ స్థిరత్వంపై ఉన్న ధీమాను దెబ్బతీసింది. 1969 ఏప్రిల్‌లో గోదావరి లోయలోని భద్రాచలం ప్రాంతం కంపించింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి భూకంపంలో అధికారిక లెక్కల ప్రకారమే 7,900 మందికి పైగా మరణించారు. అప్పటి పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదం గల మొదటి జోన్‌లో ఉంది. హైదరాబాద్ కూడా అదే జోన్‌లో ఉండేది. 2002లో సవరించిన ప్రమాణాల్లో మొదటి జోన్‌ను పూర్తిగా తొలగించి, దాన్ని రెండో జోన్‌లో విలీనం చేశారు. పటం మారింది కాని, దాని కింద ఉన్న నేల పాతదే.

కిల్లారిలో 1992లోనే చిన్న ప్రకంపనలు వచ్చాయి, మరుసటి ఏడాది పెద్ద భూకంపం వచ్చింది. జూబ్లీహిల్స్‌లో ప్రకంపనలు వచ్చి ఆగిపోయాయి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ వరకు తెలిసింది. చిన్న ప్రకంపన పెద్దదానికి సూచన అని గాని, కాదని గాని ముందుగా చెప్పే పద్ధతి నేటికీ లేదు.

5. ముగింపు

కిల్లారిలో ఎక్కువమంది మరణించింది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడల కింద. భూకంపాన్ని మనం ఆపలేం, కాని గోడ ఎలా కట్టాలన్నది మన చేతిలో ఉంది. ‘మా ప్రాంతంలో భూకంపాలు రావు’ అనే మాట వినిపించినప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎన్నేళ్ల రికార్డు చూసి ఆ మాట అంటున్నారు? 250 కోట్ల సంవత్సరాల శిల ముందు మన వందేళ్ల రికార్డు చాలా చిన్నది. ఆ కొలతను గుర్తుంచుకున్నవారు ప్రతి కుదుపుకూ భయపడరు, అలాగని ఇల్లు కట్టేటప్పుడు నిబంధనలను పక్కన పెట్టరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రికార్డులో లేని సంఘటన జరగలేదని చెప్పవచ్చా? చర్చించండి.
2. 1993 తరువాత భూకంప జోన్ల పటంలో వచ్చిన మార్పును వివరించండి.
3. మీ ఊరిలోని పెద్దలకు గుర్తున్న భూప్రకంపనల వివరాలు సేకరించండి. వాటిని ఏ ఆధారాలతో సరిచూస్తారో రాయండి.