షేరు మార్కెట్ పరిభాష

కంపెనీ మూలధనాన్ని సమాన భాగాలుగా విడగొడితే వచ్చే ఒక్కో భాగం షేరు. షేరు కొన్న మదుపరి ఆ మేరకు కంపెనీకి యజమాని. లాభాల్లో అతనికి వాటా ఉంటుంది. కంపెనీ మునిగితే పెట్టిన సొమ్ము పోతుందే తప్ప అప్పులవాళ్లు అతని ఇంటికి రారు. కంపెనీ తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మడాన్ని పబ్లిక్ ఇష్యూ లేదా ఐపీఓ అంటారు. ఆ తర్వాత క్రయవిక్రయాలు మదుపరుల మధ్యే జరుగుతాయి. ఆ డబ్బులో కంపెనీకి పైసా చేరదు. దేశంలో ఇందుకు ప్రధాన వేదికలు రెండు: 1875లో మొదలైన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ, 1994లో ట్రేడింగ్ ప్రారంభించిన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ. రెండింటిపైనా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అజమాయిషీ ఉంటుంది.

కొత్తవారు ఎక్కువగా తడబడేది ధర దగ్గర. షేరుకు కంపెనీ పెట్టే ముఖవిలువ సాధారణంగా 1, 2, 5 లేదా 10 రూపాయలు. ఇది లెక్కల పుస్తకాల కోసమే. మార్కెట్ ధరకు దీనితో పొంతన ఉండదు. కంపెనీ ఎంత పెద్దదో ఆ మార్కెట్ ధర కూడా చెప్పలేదు. 2023 జూన్‌లో ఎంఆర్ఎఫ్ టైర్ల కంపెనీ షేరు లక్ష రూపాయలు దాటింది. ఆ కంపెనీకి ఉన్నవి సుమారు 42 లక్షల షేర్లే కాబట్టి అప్పటి మొత్తం విలువ దాదాపు 42 వేల కోట్ల రూపాయలు. రిలయన్స్‌కు 2024 బోనస్ తర్వాత సుమారు 1,353 కోట్ల షేర్లున్నాయి. ఒక్కోటి 1,300 రూపాయలనుకున్నా మొత్తం 17 లక్షల కోట్లు దాటుతుంది. ధరను షేర్ల సంఖ్యతో హెచ్చిస్తే వచ్చే ఈ మొత్తమే మార్కెట్ విలువ, వాడుకలో మార్కెట్ క్యాప్. కంపెనీలను లార్జ్, మిడ్, స్మాల్ క్యాప్‌లుగా విభజించేది దీన్నిబట్టే. పది రూపాయల షేరు చవక, లక్ష రూపాయల షేరు ఖరీదు అన్న లెక్క ఇక్కడ చెల్లదు.

బోనస్ షేర్లు అనగానే పండగ చేసుకునేవారున్నారు. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే చేతిలోని షేర్లు రెట్టింపవుతాయి, ధర ఇంచుమించు సగానికి దిగుతుంది. షేరు విభజనలోనూ అంతే, అయితే అక్కడ ముఖవిలువ కూడా తగ్గుతుంది. నిజంగా చేతికి డబ్బు వచ్చేది లాభాల్లోంచి కంపెనీ పంచే డివిడెండుతో. దాన్ని రికార్డు తేదీ నాటికి షేర్లు తమ పేరిట ఉన్నవారికే చెల్లిస్తారు.

కంపెనీ నికర లాభాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తే ఈపీఎస్ వస్తుంది. ధరను ఈపీఎస్‌తో భాగిస్తే వచ్చేది పీఈ నిష్పత్తి. 50 రూపాయల ఈపీఎస్ ఉన్న షేరు 1,000 రూపాయలు పలికితే పీఈ 20. ఒకే రంగంలోని కంపెనీలను పోల్చడానికి ఇది పనికొస్తుంది, కానీ దాని విశ్వసనీయత అంతా ఆ లాభం అంకె మీదే. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ లేని లాభాలను ఏళ్లతరబడి లెక్కల్లో చూపినట్లు ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ రాశారు. నగదు, బ్యాంకు నిల్వల్లోనే 5,040 కోట్ల రూపాయలు కల్పితమని అందులో ఉంది. అంతకుముందు రోజు వరకు ఆ షేరుకు లెక్కగట్టిన పీఈలన్నీ ఆ కల్పిత లాభాల మీద వేసినవే.

మార్కెట్ పోకడను చూపేవి సూచీలు. సెన్సెక్స్‌లో 30 కంపెనీలు, నిఫ్టీలో 50 ఉంటాయి. సెన్సెక్స్‌కు 1978-79ని ఆధారంగా తీసుకుని దాని విలువను 100గా పెట్టారు. కంపెనీపై పట్టున్న ప్రమోటర్ల చేతిలోని షేర్లను వదిలేసి, మార్కెట్లో చేతులు మారే వాటినే లెక్కిస్తారు. సూచీ పెరిగినా మన దగ్గరున్న షేరు పడిపోవచ్చు. పైకి సాగే మార్కెట్‌ను బుల్, కిందికి జారేదాన్ని బేర్ అంటారు.

షేర్లు కాగితాలుగా కాక ఎలక్ట్రానిక్ రూపంలో డీమ్యాట్ ఖాతాలో ఉంటాయి. ఇందుకు చట్టం 1996లో వచ్చింది. కొని ఖాతాలో ఉంచుకుంటే డెలివరీ, అదే రోజు అమ్మేస్తే ఇంట్రాడే. నిర్ణీత ధరకు పడిపోగానే దానంతటదే అమ్ముడయ్యేలా ముందే పెట్టే ఆర్డరు స్టాప్‌లాస్.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే డెరివేటివ్‌లలో షేరు కొనరు, దాని భావి ధరపై ఒప్పందం కుదుర్చుకుంటారు. ఫ్యూచర్స్‌లో డిపాజిట్‌గా కట్టే కొద్దిపాటి మార్జిన్‌తో పెద్ద ఒప్పందం చేతికొస్తుంది, నష్టమూ ఆ పెద్ద మొత్తం మీదే లెక్కకొస్తుంది. 2021-22 నుంచి 2023-24 వరకు వీటిలో పాల్గొన్న వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. 2024 నవంబరు నుంచి కొత్తగా వచ్చే సూచీ ఒప్పందాల కనీస విలువను సెబీ 15 లక్షల రూపాయలకు పెంచింది.