టాటానగర్ బండి – రేడియేటర్ నీళ్లు

జంషెడ్‌పూర్ అనగానే అందరికీ ఉక్కు గుర్తొస్తుంది. యూనిఫాం వేసుకున్న మనకు ఆ ఊరితో ఇంకో చుట్టరికం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి పేరుతోనే ఒక కవచ వాహనం ఆఫ్రికా ఎడారిలో తిరిగింది. ఆ బండి గురించీ, కారుతున్న రేడియేటర్‌ను చేతికందిన సరుకుతో ఆపి బండిని ఇంటికి చేర్చే మన సిపాయి విద్య గురించీ ఈ సంచికలో నాలుగు మాటలు రాయాలనిపించింది.

టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. 1912లో మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కర్మాగారం పట్టాలు అందించినందుకు గుర్తింపుగా 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అనీ, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు పెట్టారు. శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వెళ్లిన మనవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో మనవాళ్లు కట్టుకున్న రామమందిరం చూస్తే ఎంతమంది వెళ్లారో తెలుస్తుంది.

1940 నాటికి యుద్ధం ముంచుకొచ్చింది. ఇంగ్లండు నుంచి కవచ వాహనాలు వచ్చే దారి లేదు. అప్పుడు కెనడా ఫోర్డ్ ఛాసిస్‌లు తెప్పించి, జంషెడ్‌పూర్‌లో తయారైన కవచపు రేకులతో రైల్వే వర్క్‌షాపుల్లో బాడీలు కట్టించారు. కాగితాల మీద దాని పేరు ‘ఆర్మర్డ్ క్యారియర్ వీల్డ్, ఇండియన్ పాటర్న్’. జవాన్ల నోట మాత్రం ‘టాటానగర్’. 1944 వరకు ఇలాంటివి 4,600కు పైగా తయారయ్యాయి. మన భారత డివిజన్లతో పాటు ఇవి ఉత్తరాఫ్రికా వెళ్లాయి. ఆ డివిజన్లలో మద్రాస్ సాపర్లూ ఉన్నారు, అంటే తెలుగువాళ్లూ ఉన్నారన్నమాట.

జంషెడ్‌పూర్ రేకు తూటాను ఆపుతుంది. కానీ ఎడారిలో బండిని నిలబెట్టేసేది తూటా ఒక్కటే కాదు, నీళ్లు కూడా. కవచ వాహనం బరువెక్కువ, పైగా ఇంజను చుట్టూ రేకు ఉండేసరికి గాలి ధారాళంగా ఆడదు. ఇసుకలో కింది గేర్‌లో గంటల తరబడి నడిస్తే రేడియేటర్ మరగక ఏం చేస్తుంది? అక్కడ మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే సుమారు నాలుగున్నర లీటర్ల నీళ్లు. తాగడానికీ, వంటకూ, గడ్డం గీసుకోవడానికీ, బండి రేడియేటర్‌కీ అన్నిటికీ అందులోంచే. కాబట్టి రేడియేటర్‌లోంచి కారే ప్రతి చుక్కా జవాను వాటర్ బాటిల్‌లోంచి పోయినట్టే లెక్క.

దీనికి ఒక ఉపాయం అంతకుముందే ఉంది. 1920లలో ఈజిప్టులో పనిచేసిన సిగ్నల్స్ అధికారి రాల్ఫ్ బ్యాగ్నల్డ్ సెలవుల్లో ఫోర్డ్ కార్లేసుకుని ఎడారిలో తిరిగేవాడు. రేడియేటర్ ఆవిరి వృథా పోకుండా ఒక గొట్టం ద్వారా సగం నీళ్లున్న డబ్బాలోకి పంపేవాడు. డబ్బా కూడా మరిగితే బండిని గాలికి ఎదురుగా నిలిపేవాడు. రేడియేటర్ చల్లబడగానే డబ్బాలో నీరంతా తిరిగి లోపలికి పీల్చుకునేది. 1940లో ఆయనే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్‌ను స్థాపించాడు. ఆ గ్రూపుతో 1942లో కలిసి పనిచేసిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్‌లో మన భారతీయ అశ్విక దళాల జవాన్లు ఉన్నారు.

బండి ఎక్కడ ఆగిందో అక్కడే బాగుచేయాలి, అందుకు వేరే కోర్ కావాలి అన్న సంగతి ఆ యుద్ధంలోనే ఖాయమైంది. బ్రిటిష్‌వాళ్లు 1942 అక్టోబరులో, మనవాళ్లు 1943 మే 1న ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల కోర్‌ను ఏర్పాటు చేశారు. అదే నేటి ఈ.ఎం.ఈ. సికింద్రాబాద్‌లో ఆ సెంటర్ గేటు దాటని తెలుగు మెకానిక్ మన పల్టన్లలో అరుదు.

యుద్ధం తర్వాత 1945లో జంషెడ్‌పూర్‌లో టెల్కో వచ్చింది. 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో ట్రక్కులు మొదలయ్యాయి. ఆ ఊరు బండ్లు తయారుచేస్తే, కొండల్లో ఆగిపోయిన బండ్లను కదిలించడం డ్రైవర్ల వంతయింది.

ఆ విద్య ఆ ఊరి పక్కనే నా కళ్లతో చూశాను. రిటైరయ్యాక మిత్రులం అయిదుగురం పాత జీపులో మాకులాకోచా గేటు మీదుగా దల్మా కొండ ఎక్కాం. పైన ఎండుకొమ్మ ఒకటి ఎగిరి రేడియేటర్‌లో గుచ్చుకుంది. నీళ్లు ధారకట్టాయి. మాతో ఉన్న ఈ.ఎం.ఈ. హవల్దార్ వెంటనే ఇంజను ఆపించాడు. “మూత ముట్టుకోవద్దు సాబ్, ముందు చల్లారనివ్వండి” అన్నాడు. అరగంట ఆగాం. దెబ్బతిన్న ట్యూబు చుట్టూ సన్నటి రేకులు తీసేసి, ట్యూబును కత్తిరించి, రెండు కొసలూ ప్లయర్‌తో మడిచి నొక్కేశాడు. పైన బట్టల సబ్బు అదిమాడు. వంటకని తెచ్చిన పసుపు రెండు చెంచాలు నీళ్లలో కలిపి పోశాడు. ఆ పొడి నీటితో పాటు సన్న పగుళ్లలోకి చేరి వేడికి ఉబ్బి గట్టిపడుతుందట. ఇంజను నడుస్తుండగా కొంచెం కొంచెంగా నీళ్లు పోశాడు, వేడి ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్లు కుమ్మరిస్తే బ్లాకు పగలొచ్చు. మూత పూర్తిగా బిగించలేదు. లోపల ఒత్తిడి పెరగకపోతే అతుకు నిలుస్తుంది, కాకపోతే నీరు తొందరగా మరుగుతుంది, అందుకని నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ దిగాం. ఆ పోసినవి మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్లే!

ఊరు చేరగానే ఆయన చేసిన మొదటి పని, ఏ ట్యూబు నొక్కాడో, ఎంత పసుపు పోశాడో వర్క్‌షాపు మెకానిక్‌కు చెప్పడం. నాకన్నిటికంటే నచ్చింది అదే. పసుపు లోపలే ఉండిపోతే మంచి ట్యూబులనూ మూసేస్తుంది. కడిగించి, టంకం వేయించాలి. తాత్కాలిక మరమ్మతును శాశ్వతమని నమ్మి మళ్లీ కాన్వాయ్‌లో పంపితే, రేపు కనుమలో ఆ బండితోపాటు వెనక బండ్లన్నీ ఆగిపోతాయి. జుగాడ్‌కూ మరమ్మతుకూ తేడా తెలిసినవాడే అసలైన మెకానిక్.

ఈ రోజుల్లో చాలా రేడియేటర్లు అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకులతో వస్తున్నాయి. పాత టంకం వాటికి పనికిరాదు. అయినా ముందు ఆగడం, చల్లారనివ్వడం, ఉన్న నీళ్లు లెక్కచూసుకోవడం, చేసింది చెప్పి అప్పగించడం ఏ బండికైనా ఒకటే. టాటానగర్ బండ్ల లెక్క పుస్తకాల్లో ఉంది, వాటిని నడిపి బాగుచేసినవాళ్ల చేతి పని చాలామటుకు ఎక్కడా రాయలేదు. మన సంఘంలో డ్రైవర్లు, మెకానిక్కులుగా పనిచేసిన పెద్దలు ఎందరో ఉన్నారు. ఎవరికి తెలిసింది వాళ్లు వచ్చే సంచికకు రాసి పంపితే, అది కూడా మన చరిత్రే అవుతుంది.