కోడ్‌ని చెట్టుగా, చెట్టుని డేటాగా: లిస్ప్ నుంచి ఈఎస్‌ట్రీ దాకా

మనం రాసే కోడ్ కంప్యూటర్‌కి మొదట ఒట్టి అక్షరాల వరుసే. పార్సర్ అనే ప్రోగ్రాం దాన్ని చదివి చెట్టులా విడదీస్తుంది. 2 + 3 * 4 తీసుకోండి. పైన కూడిక. దానికి ఒక కొమ్మ 2, ఇంకో కొమ్మ గుణకారం. ఆ గుణకారం కింద 3, 4. దీన్నే సింటాక్స్ ట్రీ అంటారు. మరి ఒక ప్రోగ్రాం కట్టిన చెట్టుని ఇంకో ప్రోగ్రాంకి ఎలా అందించాలి? ఇవాళ్టి కథ అదే.

1960లో జాన్ మెకార్తీ లిస్ప్ గురించి పేపర్ ప్రచురించాడు. ఆయన ప్లాన్‌లో రెండు రకాల రాత ఉంది: డేటాకి ఎస్-ఎక్స్‌ప్రెషన్లు, ప్రోగ్రాములకి ఎం-ఎక్స్‌ప్రెషన్లు. అయితే స్టీవ్ రస్సెల్ ఆ పేపర్‌లోని ‘ఎవాల్’ ఫంక్షన్‌ని ఐబీఎం 704 మీద నడిపించేశాడు. అది ఎస్-ఎక్స్‌ప్రెషన్లనే చదువుతుంది కాబట్టి జనం ప్రోగ్రాములు కూడా అలాగే రాయడం అలవాటు చేసుకున్నారు. ఇప్పటి లిస్ప్‌లో మన లెక్క (+ 2 (* 3 4)). చూడండి, బ్రాకెట్లలోనే చెట్టు కనిపిస్తోంది కదా!

మిగతా భాషలకి ఈ సుఖం లేదు. చాలావరకు ఏ కంపైలర్ చెట్టు దాని కడుపులోనే ఉండిపోయేది.

జావాస్క్రిప్ట్‌లో ఈ పరిస్థితి మారింది 2010 ప్రాంతంలో. మొజిల్లా ఇంజనీర్ డేవ్ హెర్మన్, ఫైర్‌ఫాక్స్ లోపలి పార్సర్‌ని బయటివాళ్లు వాడుకునేలా ఒక ఏపీఐ చేశాడు. అది చెట్టుని మామూలు ఆబ్జెక్టులుగా ఇస్తుంది. వాటిని జేసన్‌గా రాసుకోవచ్చు. ఎస్ప్రిమా, ఏకార్న్ అనే పార్సర్లు కూడా అదే రూపం పట్టుకున్నాయి. ఎస్కోడ్‌జెన్ ఆ చెట్టుని తిరిగి కోడ్‌గా మార్చింది. ఒకరి పార్సర్, ఇంకొకరి టూల్, ఇద్దరి మధ్యా ఒకే రూపం. 2015కల్లా ఇదే ‘ఈఎస్‌ట్రీ’ అనే ఉమ్మడి ఒప్పందం అయింది.

కానీ ఇక్కడో చిక్కుంది. జేసన్‌కి తెలిసిన రకాలు కొన్నే: స్ట్రింగ్, నంబర్, ట్రూ, ఫాల్స్, నల్, అర్రే, ఆబ్జెక్ట్. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ని నేరుగా జేసన్ చేస్తే ఖాళీ ఆబ్జెక్ట్ మిగులుతుంది. బిగ్‌ఇంట్ అయితే ఏకంగా ఎర్రరే! అందుకే ఈఎస్‌ట్రీలో వాటిని స్ట్రింగులుగా కూడా దాచే ఏర్పాటు ఉంది.

ఇంకోటి, కామెంట్లు. “ఈ లైన్ తీయొద్దు, పాత కస్టమర్లకి బిల్లు ఆగిపోతుంది” అని ఎవరో రాసి పెట్టారనుకోండి. మామూలు ఈఎస్‌ట్రీ చెట్టులో దానికి చోటు లేదు. కోడ్‌ని చెట్టు చేసి మళ్లీ కోడ్ చేస్తే ప్రోగ్రాం అలాగే నడుస్తుంది, ఆ హెచ్చరిక మాత్రం మాయం. అందుకే రీకాస్ట్ లాంటి టూల్స్ అసలు టెక్స్ట్‌ని దగ్గర పెట్టుకుని, మార్పు జరిగిన చోటు మాత్రమే కొత్తగా రాస్తాయి.

కాబట్టి ఏ ఫార్మాట్ చూసినా, ఏం దాస్తుందనే కాదు, ఏం వదిలేస్తుందో కూడా అడగండి. మెషీన్‌కి అక్కర్లేనిది రేపు ఆ కోడ్ చదివే మనిషికి కావాల్సి రావచ్చు. మీ టూల్ కామెంట్లు మింగేస్తోందా? చెక్ చేసి కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.