వీడియో గేమ్‌కు కీబోర్డు తగిలించిన కథ

ఈసారి నిడివి కొంచెం జాస్తి. తీరిక చేసుకొని చదవండి.

1990లలో రైల్వే క్వార్టర్సులో కాపురమున్న మన తెలుగు ఇళ్ళలో, పిలకాయలు వీడియో గేమ్ అడిగితే వెంటనే కొనిచ్చినవాళ్ళం కాదు మనం. పరీక్షలు కానీ అన్నాము, లీవు రానీ అన్నాము. అదే పెట్టె కీబోర్డుతో వచ్చేసరికి మాత్రం మెత్తబడ్డాము. బర్మా బజారులోనూ రిచ్చీ వీధిలోనూ "ఇది గేమ్ కాదు సార్, కంప్యూటర్. టీవీకి తగిలించుకుంటే చాలు" అని చెప్పేవాళ్ళు. ఆ మాటకు మన జేబులు తెరుచుకున్నాయి.

ఎందుకు తెరుచుకున్నాయో రైల్వేలో పని చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మనం ఉద్యోగంలో చేరినప్పుడు అట్ట టికెట్లు, తేదీ గుద్దే మిషను, చేత్తో రాసే రిజర్వేషన్ రిజిస్టర్లు. 1985-86లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది, తరువాత మద్రాసుకూ వచ్చింది. కీబోర్డు మీద చెయ్యి ఆడేవాడికి ఒక విలువ, ఆడనివాడికి ఇంకొక విలువ అనేది అప్పుడే కళ్ళారా చూశాము. ప్రభుత్వం 1984లో క్లాస్ అనే పథకం కింద బళ్ళకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది గానీ, మొదటి విడత దేశం మొత్తానికి 250 బళ్ళే. మన తమిళ మీడియం బళ్ళ దాకా ఆ మిషను రాలేదు. ఇంటి టీవీకి తగిలించే కంప్యూటర్ అంటే ఆశ పుట్టదా మరి?

ఆ పెట్టె కంప్యూటరా, వేషం వేసిన వీడియో గేమా అనే తగవు మన ఇళ్ళలో ఇంకా తీరలేదు. తీర్చాలంటే అమెరికా, జపాన్, చైనా మూడూ చుట్టి రావాలి.

అమెరికాలో అటారీ వాళ్ళ గేమ్ పెట్టె 1977లో వచ్చింది. తరువాత రెండు మూడేళ్ళకే దానికి బేసిక్ భాషలో ప్రోగ్రాము రాసే కేసెట్ ఒకటి తెచ్చారు. రాసినవాడు వారెన్ రాబినెట్, అడ్వెంచర్ అనే పేరున్న ఆట చేసిన మనిషే. కీబోర్డు అంటే పూర్తి కీబోర్డు కాదు. టెలిఫోను మీటల్లాంటి 12 మీటల పలకలు రెండు, పక్కపక్కన జోడించేవి. ఆ పెట్టె మొత్తం జ్ఞాపకశక్తి 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. అందులో ప్రోగ్రాము ఏం రాస్తారు? అగ్గిపెట్టెలో కాపురం పెట్టినట్టు. అయినా తల్లిదండ్రుల మనసు కనిపెట్టేశారు: ఆటకు కొనరు, చదువుకు కొంటారు.

ఆ మనసును నమ్ముకొని దెబ్బతిన్నది మాటెల్ కంపెనీ. బార్బీ బొమ్మల వాళ్ళే. వాళ్ళ ఇంటెలివిజన్ పెట్టెను అమ్మేటప్పుడు, త్వరలో కీబోర్డు భాగం వస్తుంది, అది తగిలిస్తే ఇంటి కంప్యూటరే అని మాట ఇచ్చారు. ఆ కీబోర్డు ఎంతకీ రాలేదు. కొన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తే సంగతి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా పోయింది. చేసినవి సుమారు 4,000 మాత్రమే. అవీ ఖరీదెక్కువ, రిపేర్లెక్కువ. చివరికి 1983లో మాట నిలబెట్టుకున్నామని చూపడానికి ఇంకొక చవక కీబోర్డు వదిలి, పాతవాటిని కొన్నవాళ్ళ దగ్గర నుంచి వెనక్కి తీసుకొని డబ్బు ఇచ్చేశారు. మనకు అట్లా తిరిగి ఇచ్చినవాళ్ళు లేరు, అది వేరే సంగతి.

అదే 1983లో కొలెకో వాళ్ళ ఆడమ్ వచ్చింది. విడిగా కొనుక్కోవచ్చు, లేదా ఇంట్లో ఉన్న కొలెకోవిజన్ గేమ్‌కు తగిలించుకోవచ్చు. కొలెకో అంటే కనెక్టికట్ లెదర్ కంపెనీ. తోలు వ్యాపారంలో పుట్టి కంప్యూటర్ దాకా వచ్చిన ఇల్లు అది. ఆడమ్‌లో కీబోర్డు బాగుంది, ప్రింటరూ ఇచ్చారు. అయితే మొత్తం పెట్టెకు కరెంటు ప్రింటరులో నుంచే రావాలి. ప్రింటరు పాడైతే అంతా పడుకున్నట్టే. దానికి తోడు స్విచ్ వెయ్యగానే పుట్టే అయస్కాంత తాకిడికి లోపల పెట్టి ఉంచిన టేపులో రాసింది చెరిగిపోయేది. రాసుకోవడానికి కొన్న మిషను రాసినదాన్ని తుడిచేస్తే ఎవరు కొంటారు? 1985 జనవరిలో ఆడమ్‌ను ఆపేశారు.

ఇప్పుడు మన పెట్టె వంశవృక్షం. దాని ముత్తాత జపాన్‌లో నింటెండో 1983 జూలైలో వదిలిన ఫామికామ్. ఫ్యామిలీ కంప్యూటర్ అనే పేరునే పొట్టి చేశారు. పేరులోనే కంప్యూటర్ ఉంది చూడండి. మరుసటి ఏడు 1984లో ఫ్యామిలీ బేసిక్ అనే కట్ట వచ్చింది. ఒక కీబోర్డు, ఒక కేసెట్. హడ్సన్ సాఫ్ట్, షార్ప్ కంపెనీలతో కలిసి చేశారు. కీబోర్డు ధర 14,800 యెన్‌లు, అంటే గేమ్ పెట్టె ధరంతా! మీటల మీద జపాన్ కన అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయి. మొదటి రోజు నుంచీ వాళ్ళ పిల్లలు వాళ్ళ లిపిలోనే కొట్టారు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

తగిలించడంలో ఉన్న కిటుకు ఏమిటంటే, ఫామికామ్ జాయ్‌స్టిక్‌కు ఎనిమిదే మీటలు. నాలుగు దిక్కులకు నాలుగు, ఎ, బి, స్టార్టు, సెలెక్టు. వాటిని పెట్టె ఒకదాని తరువాత ఒకటి వరసగా అడుగుతుంది, "నొక్కారా, లేదా?" అని. టీటీఈ బెర్తు బెర్తుకూ వచ్చి టికెట్టు అడిగినట్టు. కీబోర్డుకు 72 మీటలు. అన్నిటికీ ఒక్కొక్క తీగ లాగలేరు. అందుకని 9 అడ్డ వరసలు, ఒక్కొక్క వరస రెండు భాగాలు, భాగానికి నాలుగు మీటలు. తొమ్మిదిని రెండుతో, మళ్ళీ నాలుగుతో హెచ్చవేస్తే 72 సరిపోయింది. ముందువైపు ఉన్న 15 పిన్నుల దారిలో పెట్టె వరస నంబరు అడిగితే కీబోర్డు నాలుగేసి మీటల సమాచారం ఇస్తుంది. సెకనులో ఎన్నోసార్లు ఈ చెకింగు నడుస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు, శుద్ధమైన కంప్యూటర్ పని.

లోపం జ్ఞాపకం దగ్గర. మొదటి ఫ్యామిలీ బేసిక్‌లో ప్రోగ్రాము రాసుకునే చోటు సుమారు 2 కిలోబైట్లు. ఈ రోజు మన ఫోనులో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన ఆ చోట్లో ఏడు వందల గుర్తులు కూడా పట్టవు. మీరు ఇంతవరకు చదివిన ఈ వ్యాసం అందులో దూరదు. రాసింది దాచుకోవాలంటే టేపు రికార్డరు కావాలి, అది వేరే ఖర్చు.

నింటెండో వాళ్ళు 1985 జనవరిలో అమెరికా ప్రదర్శనలో కీబోర్డు, టేపు రికార్డరు ఉన్న నమూనా పెట్టారు. అక్కడి వ్యాపారులకు ఆడమ్ దెబ్బ ఇంకా మానలేదు. ఎవరూ ముందుకు రాకపోయేసరికి, అక్టోబరులో న్యూయార్క్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు కీబోర్డు తీసేసి ఆట బొమ్మగానే పెట్టారు. అది విరగబడి అమ్ముడుపోయింది. అంటే కీబోర్డు అమెరికాలో సరుకును ముంచింది, మన వైపు అదే కీబోర్డు సరుకును తేల్చింది.

తేల్చినవాళ్ళు చైనావాళ్ళు. ఫామికామ్ లోపలి చిప్పును నకలు తీసి, దాన్ని కీబోర్డు ఆకారంలోనే పోతపోసి, సుబోర్ అనే కంపెనీ "చదువు మిషను" పేరుతో అమ్మింది. ప్రచారానికి జాకీ చాన్‌నే పెట్టారు. చైనా అక్షరాలు కొట్టడం నేర్పే కేసెట్ కూడా ఇచ్చారు. ఆ కంపెనీ నడిపిన డువాన్ యాంగ్‌పింగ్ 1995లో బయటికి వచ్చి బీబీకే అనే సంస్థ పెట్టాడు. మనలో చాలామంది చేతుల్లో ఉన్న ఒప్పో, వివో ఫోన్లు ఆ ఇంటి కొమ్మలే.

మన బజారుకు వచ్చినవి ఇట్లాంటి నకళ్ళే. మనం కొన్న దాని మీద ఏదో పేరుండేది, అది ఇక్కడ అనవసరం. కీబోర్డు నడి నెత్తిన కేసెట్ దూర్చే సందు, రెండు జాయ్‌స్టిక్కులు, ఒక తుపాకీ. ఒక కేసెట్‌లో మేరియో, కాంట్రా. ఇంకొక కేసెట్ మీద 9999999 ఆటలు అని అచ్చు, లోపల చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. "చదువు" కేసెట్‌లో బేసిక్, టైపింగు పాఠం, పియానో. కరెంటు పోతే రాసింది పోయె. టేపు దారి లేదు, ప్రింటరు దారి లేదు. తెలుగు లేదు, తమిళమూ లేదు.

అందుకని మా తీర్పు ఇది: అది కంప్యూటరే, కానీ మరపు రోగం ఉన్న కంప్యూటర్. టైపింగు పాఠం మటుకు నిజమైన పాఠం. క్వార్టర్సులో ఆ మిషను మీద వేళ్ళు తిప్పిన ఆడపిల్లలు కొందరు తరువాత టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి వారంలోనే ముందుకు పోయారు. మగపిలకాయలు మేరియోలోనే ముందుకు పోయారు.

తరువాతి కథ తొందరగా చెప్పేస్తాము. సెగా కంపెనీ 1998లో తెచ్చిన డ్రీమ్‌కాస్ట్‌కు కీబోర్డు విడిగా దొరికేది. ది టైపింగ్ ఆఫ్ ది డెడ్ అని ఒక ఆట. మీదికి వచ్చే పిశాచాలను తుపాకీతో కాదు, తెర మీద పడే మాటలు తప్పు లేకుండా టైపు చేసి చంపాలి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మన గురువులకు ఈ ఉపాయం తట్టలేదు! ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ అనే ఇంకొక ఆటలో దేశదేశాల వాళ్ళు కలిసి ఆడేవాళ్ళు, మాట్లాడుకోవడానికి కీబోర్డు. కీబోర్డు లేనివాళ్ళకు సిద్ధ వాక్యాలు ఉండేవి. జపాన్ పిల్లవాడు ఎంచుకున్నది అమెరికా పిల్లవాడికి ఇంగ్లీషులో కనబడేది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మనకు ఆ ఏర్పాటు ఎంత ముచ్చటో తెలుస్తుంది. ఇదే ఆట కోసం నింటెండో గేమ్‌క్యూబ్‌కు జాయ్‌స్టిక్కును నడిమికి కోసి మధ్యలో కీబోర్డు అతికించినట్టు ఒక వింత వస్తువు చేశారు.

సోనీ ప్లేస్టేషన్ 2కు 2002లో కీబోర్డు, మౌసు, హార్డ్ డిస్కుతో లినక్స్ కట్ట అమ్మారు. 2006 నాటి ప్లేస్టేషన్ 3లోనూ లినక్స్ వేసుకునే సౌకర్యం ఉండింది. 2010 ఏప్రిల్‌లో అప్‌డేట్ పేరుతో దాన్ని తీసేస్తే కొన్నవాళ్ళు కోర్టుకెక్కారు. కంప్యూటర్ అని ఆశపెట్టి ఆటబొమ్మగా మిగల్చడం మన బజారులో మాత్రమే జరిగినది కాదు.

తగిలించే చిక్కును తీర్చినది 1996లో వచ్చిన యూఎస్‌బీ. దాన్ని రూపొందించిన ఇంటెల్ జట్టుకు ముఖ్యుడు మన దేశంలో పుట్టిన అజయ్ భట్, బరోడాలో చదివిన మనిషి. అంతకు ముందు ప్రతి పెట్టెకూ దాని సొంత పిన్నులు. ఇప్పుడు ఎక్స్‌బాక్స్ వన్‌లో కూడా, 2018 నవంబరు నుంచి, మామూలు కీబోర్డు గుచ్చితే ఆడవచ్చు. అయితే ఆ ఆట చేసినవాళ్ళు ఒప్పుకొని ఉండాలి. తెర మీద పేరు కొట్టడానికి పనిచేసే కీబోర్డు ఆటలోపల పనిచెయ్యకపోవచ్చు.

ఇదంతా ఎందుకంటే, మన సంఘం గదికి ఒకరు పాత గేమ్ పెట్టె ఇస్తామంటున్నారు. కీబోర్డు తగిలించి ఆదివారం తెలుగు తరగతికి వాడుకుందామని కుర్రాళ్ళ మాట. ఆడుకోవడానికి తీసుకుందాము, తప్పేమీ లేదు. తెలుగు రాయడానికి అది వద్దు. గదిలో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ చాలు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ నుంచే తెలుగు కీబోర్డు లోపల ఉంది, సెట్టింగులో తెరవాలి అంతే. మీటల మీద అంటించడానికి తెలుగు అక్షరాల స్టిక్కర్లు కావాలి.

ఇన్‌స్క్రిప్ట్ వరసలో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఇంగ్లీషు కె మీట మీదే క ఉంటుంది, షిఫ్టుతో ఖ. కన్నడంలోనూ హిందీలోనూ అదే మీట, కాబట్టి హొసూరు వైపు మన పిల్లలకు ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే. మొదటి రోజు పాఠానికి మాట కూడా ఎంచి పెట్టాము: షిఫ్టు పట్టుకొని డి, తరువాత సి, డి, సి. నాలుగు దెబ్బలకు తెర మీద "అమ్మ" వస్తుంది.