మితాహారమున సూక్ష్మజీవుల సేద్యము

మొదటి ప్రపంచ సంగ్రామమునకు పూర్వము యూరపు ఖండమున రొట్టెకు వలయు ఈస్టును చేయువారు ధాన్యరసము నంతయు ఒక్కమారే తొట్టిలో నింపి అందు ఈస్టును పెరుగనిచ్చెడివారు. చక్కెర అధికమైనచో, గాలి ఎంత ఆడినను, ఈస్టు తన దేహమును పెంచుకొనుటకు మాఱుగా సారాయిని చేయ మొదలిడును. అందుచే వెచ్చించిన చక్కెరకు తగిన ఫలము దక్కెడిది కాదు. యుద్ధము వలన జర్మనీలో ధాన్యమునకు కఱవు వచ్చిన ఆ కాలముననే, అచట హేడక్, డెన్మార్కున సాక్ అనువారు, మొలాసిస్‌ను అమ్మోనియా లవణములను ఈస్టు పెరుగుదల ననుసరించి కొంచెము కొంచెముగా అందించుచు, అడుగునుండి గాలి నూదు పద్ధతిని నెలకొల్పిరి. గ్రాము చక్కెరకు సుమారు అర గ్రాము ఎండు ఈస్టు దీనిచే సాధ్యమయ్యెను. జీవరసాయన శాస్త్రము కారణమును వివరింపక పూర్వమే, తొట్టి చెంత నిలిచి పనిచేయువారు ఈ సత్యమును గ్రహించిరి. వారికి చరిత్రకారులు తగిన గౌరవము నీయలేదని నా అభిప్రాయము.

బాక్టీరియా ఎంజైముల పరిశ్రమయు ఆ దినములలోనే తలయెత్తెను. ఫ్రాన్సున బ్వాదేన్, ఎఫ్రాన్ అనువారు బాసిల్లస్ జాతినుండి తీసిన అమైలేజు, నేతవేళ పడుగునూలుకు పట్టించిన గంజిని అద్దకమునకు ముందు తొలగించుటకు వినియోగపడెను. అయితే ఆ బాక్టీరియాకు గ్లూకోజు పుష్కలముగా పెట్టినచో అది బలిసి పెరుగునే గాని అమైలేజును చాలినంత విడువదు. ఏల? 1942లో ప్రకటించిన తన పరిశోధన గ్రంథమున జాక్ మోనో, రెండు చక్కెరల నొసగిన బాక్టీరియా ముందు గ్లూకోజును ముగించి, కొంతతడవు పెరుగుట మాని, పిదప రెండవదానికి పూనుకొనునని నిరూపించెను. సులభాహారము చేతనుండగా కష్టాహారమును కరగించు ఎంజైమును చేయుట జీవికి వృథావ్యయము గదా! ఈ అణచివేతకు 1961లో మగసానిక్ ‘కెటబొలైట్ రిప్రెషన్’ అని పేరిడెను. కావున గ్లూకోజును తొట్టిలో నిలువయుండనీయక, పడినది పడినట్లే ఖర్చగు వేగమున పోయుటయే ఉపాయమైనది; 1973లో జపానున యోషిదా, యమానే, నకమోతోలు ఈ విధానమును ‘ఫెడ్-బ్యాచ్’ అని వ్యవహరించిరి.

పెద్ద తొట్టికి పంపు అమర్చవచ్చును గాని, ఊగుడు బల్లపై వందలకొలది చిన్న ఫ్లాస్కులు తిరుగు ప్రయోగశాలలో అది దుస్సాధ్యము. 2006లో జర్మనీలోని ఆఖెన్ పరిశోధకులు గ్లూకోజు స్ఫటికములు పొదిగిన సిలికోను బిళ్లను ఫ్లాస్కున వేసి, అది మెల్లగా ఊరునట్లు చేసిరి. 2008లో ఫిన్లాండు పరిశోధకులు పిండిపదార్థమును గ్లూకోఅమైలేజుచే క్రమముగా గ్లూకోజుగా మార్చుచు బాక్టీరియాకు వడ్డించిరి. ఇందు గ్లూకోఅమైలేజు ఎంత వేసిన అంత వేగమున ఆహారము విడివడును. ఊగుడుచే ఫ్లాస్కులోనికి చేరు ప్రాణవాయువునకు మించకుండునట్లు ఆ మోతాదును ఎంచుకొనవలయును.