ఆక్వాడోమ్

ఆక్వాడోమ్ జర్మనీ రాజధాని బెర్లిన్ నగరంలో ఒక హోటల్ ముందు హాలులో ఉండిన భారీ మత్స్యప్రదర్శనశాల. స్థూపాకారంలో, ఏ గోడ ఆధారమూ లేకుండా నిలిచిన అక్వేరియంలలో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా ఇది గిన్నిస్ గుర్తింపు పొందింది. 2022 డిసెంబరు 16న పగిలిపోయి పూర్తిగా ధ్వంసమైనది.

నిర్మాణం

ఇది 2003 డిసెంబరులో ప్రారంభమైనది. స్ప్రే నది ఒడ్డున, బెర్లిన్ కథెడ్రల్‌కు ఎదురుగా ఉన్న భవన సముదాయంలో దీనిని నిర్మించారు. నీటితొట్టె ఎత్తు సుమారు 14 మీటర్లు, వ్యాసం సుమారు 11 మీటర్లు. ఇందులో 10 లక్షల లీటర్ల ఉప్పునీరు, సుమారు 1,500 చేపలు ఉండేవి. గోడలను గాజుతో గాక, పారదర్శకమైన యాక్రిలిక్ పలకలను అతికించి తయారుచేశారు. తొట్టె మధ్యనున్న లిఫ్టులో సందర్శకులు పైకి వెళ్తూ చేపలను చూసేవారు. నీటిని తీసివేసి జరిపిన మరమ్మత్తుల తరువాత 2022 వేసవిలో దీనిని మరల తెరిచారు.

నీటి పీడనం

నీరు గోడపై కలిగించే పీడనం నీటి లోతును బట్టి ఉంటుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు అది సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. కనుక 14 మీటర్ల తొట్టె అడుగున గోడలోపలి వైపు పీడనం వెలుపలి కంటే దాదాపు 1.4 వాతావరణాలు ఎక్కువ. ఈ ఒత్తిడి గోడను చుట్టూ సాగదీయుటకు ప్రయత్నిస్తుంది. ఒకచోట ఏర్పడిన పగులు క్షణాలలో గోడంతా వ్యాపించగలదు.

ప్రమాదం

తెల్లవారుజామున సుమారు 5:45 గంటలకు తొట్టె ఒక్కసారిగా బద్దలైనది. నీరు హాలును ముంచెత్తి, తలుపులను, సామగ్రిని వీధిలోకి నెట్టివేసింది. ఇద్దరు గాయపడ్డారు. ఆ వేళ హాలు దాదాపు నిర్మానుష్యంగా ఉండుటచే ప్రాణనష్టం తప్పినది. హోటల్లో ఉన్న సుమారు 350 మంది అతిథులను ఖాళీ చేయించారు. తొట్టెలోని చేపలు దాదాపు అన్నీ మరణించాయి. నేలమాళిగలోని వేరే తొట్టెలలో ఉన్న వందలాది చేపలను మాత్రం కాపాడి ఇతర చోట్లకు తరలించారు.

కారణాలు

యజమానులు నియమించిన నిపుణుడు 2023 అక్టోబరులో నివేదిక సమర్పించాడు. అందులో మూడు అవకాశాలను పేర్కొన్నాడు:

1. పలకలను కలిపిన అతుకు విఫలమగుట.
2. తొట్టె అడుగు భాగంలో ఏర్పడిన నొక్కు.
3. మరమ్మత్తుల కాలంలో నీరు లేక యాక్రిలిక్ ఎండిపోవుట. యాక్రిలిక్ కొంత నీటిని పీల్చుకొని ఉంటుంది. అది ఎండినపుడు పైపొర కుంచించుకొని సన్నని పగుళ్ళు ఏర్పడవచ్చును.

వీటిలో అసలు కారణమేదో నిర్ధారించుట సాధ్యపడలేదు. ముక్కలు లెక్కకు మించి ఉండుట, మొదట పగిలిన చోటును గుర్తించుటకు అడ్డంకి అయినది.

తదనంతరం

ఆక్వాడోమ్‌ను తిరిగి నిర్మించబోమని యజమానులు 2023లో ప్రకటించారు.