బీపీ, షుగర్ రెండూ రాయి బిడ్డా

చింతల్ మెయిన్ రోడ్డు దాటి మీరు గల్లీలోకి మళ్లారు. గేటు తీసే ఉంది. హాల్లో కాలు పెట్టే జాగా లేదు. రెండు పెద్ద సూట్‌కేసులు మూతలు తెరిచి పడున్నాయి. ఒకదాని నిండా సకినాల డబ్బాలు, శొంఠిపొడి, ఉతికి ఆరేసిన పాత కాటన్ చీరల పొత్తిగుడ్డలు. డాలస్‌లో కూతురికి తొలి కాన్పు. ఎల్లుండి రాత్రి శంషాబాద్‌లో విమానం.

మీరు గోడ వారగా నిలబడతారు. జీడిమెట్ల కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దాయన సోఫాలో కూర్చుని పాస్‌పోర్టులు మూడోసారి చూసుకుంటున్నారు. కొంపల్లి నుంచి ఆఫీసు అయిపోగానే వచ్చిన మేనకోడలు ప్లాస్టిక్ కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కింద కూర్చుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారం నింపుతోంది.

"మామా, షుగర్ ఎన్నేండ్ల సంది?"

"అది రాయకు బిడ్డా. రాస్తే పైసలెక్కువ అడుగుతరు. అయినా ఆర్నెల్లకే గివన్నీ ఎందుకు? ఆరోగ్యశ్రీ ఉండనే ఉంది గదా."

ఆరోగ్యశ్రీ మీద ఆయన నమ్మకంలో తప్పు పట్టడానికేమీ లేదు. 2007లో మొదలైన ఆ పథకం ఎన్ని ఇళ్లను అప్పుల్లో పడకుండా కాపాడిందో ఈ గల్లీలో ఎవరినడిగినా చెప్తారు. 2023 డిసెంబర్‌లో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది కూడా. "డాలస్‌ల అది నడవది మామా" అంటుంది పిల్ల మెల్లగా.

"మరి మీ వదిన ఆఫీసుల ఇన్సూరెన్స్ ఇస్తరు గదా?"

"అండ్ల వదిన, అన్న, పుట్టే బిడ్డ. మీరిద్దరు ఉండరు."

అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ కూడా చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకు వర్తించదు. అత్యవసరంగా వచ్చిన రోగిని డబ్బు లేదని వెనక్కి పంపకూడదని అక్కడ 1986 నుంచి చట్టం ఉంది. వైద్యం చేస్తారు. బిల్లు ఆ తర్వాత ఇంటికొస్తుంది. ఆస్పత్రిది ఒకటి, డాక్టరుది ఒకటి, అంబులెన్సుది ఇంకొకటి, అన్నీ డాలర్లలో. కొత్తగా తల్లి అయిన కూతురి మీద ఆ బరువు పడుతుంది.

అంతలో పై పోర్షన్ కుర్రాడు మెట్లు దిగుతూ గుమ్మం దగ్గర ఆగుతాడు. జగిత్యాల దిక్కు పిల్లవాడు, వచ్చే నెల సౌదీ పోతున్నాడు. "మాకైతే ఇన్సూరెన్స్ లేకుంటే క్లియరెన్సే రాదు కాకా" అంటాడు. నిజమే. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన) పాస్‌పోర్టు మీద గల్ఫ్ పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో ప్రాణం పోతే పది లక్షలు. యూరప్‌కు షెంజెన్ వీసా కావాలన్నా కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాల్సిందే. అమెరికా విజిటర్ వీసాకు మాత్రం ఆ కాగితం తప్పనిసరి కాదు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఈ దంపతులను ఎవరూ అడగలేదు. వైద్యం అన్నిటికంటే ఖరీదైన చోటికి వెళ్తున్నప్పుడే ఎవరూ అడగరు కాబట్టి, మనల్ని మనమే అడగాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

మీ కళ్లు స్క్రీన్ మీదికి పోతాయి. అన్నిటికంటే చవక పాలసీ పైనే ఉంది. పిల్ల దాన్ని దాటేసి కిందికి వెళ్తుంది. ఇంతకుముందే ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో వెతుకుతోంది. చాలా పాలసీలు వాటిని మినహాయిస్తాయి. కొన్ని, ప్రాణం మీదికి వస్తే మాత్రం ఒక పరిమితి దాకా ఇస్తాయి. తేడా అంతా ఆ చిన్న అక్షరాల్లోనే. డిడక్టబుల్, అంటే ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం, ఎంతో కూడా చూసుకుని రెండు పాలసీలు పక్కపక్కన పెడుతుంది.

అప్పటిదాకా సంచులు సర్దుతున్న పెద్దాయన భార్య, అంటే ఆ పిల్ల అత్త, లేచి వెళ్లి స్టీలు డబ్బా తెచ్చి కుర్చీ మీద పెడుతుంది. మూత తీస్తే మెట్‌ఫార్మిన్ స్ట్రిప్ సగం ఖాళీ. దాని కింద బీపీ గోలీలు. రబ్బరు బ్యాండు వేసి మడిచిన పాత చీటీలు.

"బీపీ, షుగర్ రెండూ రాయి బిడ్డా. ఆయన మాట వినకు. అక్కడ ఏమన్నైతే వాళ్లు గీ గోలీలు చూడరా? అబద్ధమాడినమని పైసలు ఆపితే మన బిడ్డ ఏడికెల్లి కడ్తది?"

పెద్దాయన ఏమీ అనరు. కళ్లజోడు తుడుచుకుని, "పదకొండేండ్లు" అంటారు. పిల్ల టైపు చేస్తుంది. ప్రీమియం పెరుగుతుంది. ఆయన ఆ అంకె చూసి తలూపుతారు. నిజం దాచి కట్టిన ప్రీమియం ఎంత తక్కువైతేనేం, క్లెయిమ్ రోజున అది అక్కరకు రాకపోవచ్చు. అత్తకు ఇది ఎవరూ నేర్పలేదు, ఇల్లు నడిపిన అనుభవం చెప్పింది.

కింద ఇంకో వరుస ఉంది: భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు. పిల్ల దాన్ని పైకి చదవదు, ఉందో లేదో చూసుకుని ముందుకు పోతుంది. మీరు చదువుతారు. అలాంటి కష్టం వచ్చినప్పుడు అక్కడి తెలుగు సంఘం తానా వాళ్ల టీమ్ స్క్వేర్ లాంటి సేవా బృందాలు పరిగెత్తుకొస్తాయి, ముక్కూ మొహం తెలియని తెలుగువాళ్లు ఆన్‌లైన్‌లో తలా కొంత వేస్తారు. చేతులెత్తి మొక్కాల్సిన మంచితనం అది. దిక్కులేని విద్యార్థికి అది మిగలాలంటే, ముందే కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కోవాలి.

ఓటీపీ వస్తుంది. పెద్దాయన ఒక్కో అంకె గట్టిగా చదువుతారు. మన దేశపు ట్రావెల్ పాలసీలు సాధారణంగా ఇక్కడినుంచి బయల్దేరకముందే కొనాలి. అందుకే పిల్ల మొదలయ్యే తేదీ ఎల్లుండిదే పడిందా అని మళ్లీ చూస్తుంది. పాలసీ కాగితం రాగానే డాలస్‌కు వాట్సాప్‌లో పంపిస్తుంది.

"అత్తా, ఆస్పత్రిల చేర్చే ముందుగాల, కుదరకపోతే చేర్చినంక వెంటనే, ఈ నంబర్‌కు ఫోన్ చేయాలె. అన్నతోని చేపియ్యి."

"నాకు ఇంగ్లీషు రాదు గదనే."

"అందుకే పాలసీ నంబర్, ఫోన్ నంబర్ పెద్దగ రాసిస్త. పాస్‌పోర్టుల పెట్టుకో. ఎవలకు చూపించినా తెలుస్తది."

షాపూర్‌నగర్‌లో జిరాక్స్ షాపు ఇంకా మూసి ఉండదు. పెద్దాయన చెప్పులేసుకుంటూ, "రెండు కాపీలా, మూడా?" అని అడుగుతారు.

"మూడు మామా. ఒకటి ఈడ బీరువాల ఉండాలె."